ఏడో పరీక్ష

బ్ర్నోలో నవంబరు. స్వ్రాత్కా నది మీద మంచు.
నదీమట్టాలు లెక్కగట్టే మా ఆఫీసులో
హీటరు ఇంకా వేడెక్కలేదు.
హర్ద్లిచ్కా వదిలి వెళ్లిన స్క్రిప్టు తెరిచాను.
తొమ్మిదివందల పన్నెండు వరసలు,
ఒక్క ఫంక్షను లేదు.
పైనుంచి కిందికి ఊపిరి తీసుకోకుండా
చెప్పుకుపోయిన సాక్ష్యం.

దాని పద్ధతి ఇది:
ఒక ఉత్తుత్తి మాడ్యూల్ని పుట్టిస్తుంది,
ఇంపోర్టు చేస్తుంది,
"వచ్చింది" అని ప్రింటు చేస్తుంది,
చెరిపేస్తుంది, మరోదాన్ని పుట్టిస్తుంది.
చివరికి ఆ "వచ్చింది"లన్నిటినీ
పాత జాబితాతో పోల్చి చూసుకోవాలి.
ఒక్క ఖాళీ తేడా వచ్చినా పేచీయే.
మధ్యలో కాలు జారిందా,
పుట్టినవన్నీ ఫోల్డర్లో అలాగే పడుంటాయి
ఎవరూ ఎత్తని ఎంగిలి పళ్లాల్లా.

నా పని దీన్ని ముక్కలు చెయ్యడం.
ప్రతి ముక్కకీ ముందు సర్దుకోవడం,
తర్వాత ఊడ్చుకోవడం,
నడుమ ఒకే ఒక్క ప్రశ్న.
పేరు పెట్టడమే కష్టం.
మూడువందల నలభయ్యో వరస ఏమడుగుతోందో
అరగంట చూస్తేగాని తెలీలేదు.
"లేనిదాన్ని పిలిస్తే లేదనాలి" అని పెట్టాను.
ఒతాకర్ నవ్వాడు, ఇంత పొడుగు పేరా అని.
పేరు కాదది, మాట ఇవ్వడం.

ముందు నువ్వంటే ముందు నువ్వని
గుమ్మంలోనే నిలబడిపోయే రెండు ఫైళ్లున్నాయి.
వాటి పక్కన హర్ద్లిచ్కా రాసుకున్నాడు:
"మా పెద్దక్కా, వాళ్లాయనా."
ఆ వరస చెరపబుద్ధి కాలేదు.

మధ్యాహ్నానికి పదకొండు ముక్కలు
తమ కాళ్లమీద నిలబడ్డాయి. పదింటికి పచ్చ.
ఏడోదానికి ఎరుపు.
ఇరవయ్యేళ్లలో ఏనాడూ తప్పని ఏడోదానికి.

రెండుసార్లు చదివితే దొరికింది.
తనకోసం పుట్టించుకున్న ఫైలు పేరులో
ఒక అక్షరం తప్పు.
మరి ఇన్నాళ్లూ ఎలా గట్టెక్కింది?
మూడోది ఎప్పుడో పిలిచిన మాడ్యూల్
జ్ఞాపకంలో అలాగే కూర్చునుంది.
ఏడోది పిలవగానే
గడప దాటి వెతక్కుండానే
"ఇదిగో, ఇక్కడే" అనేది యంత్రం.
రానివాడికి పక్కబెంచీవాడు హాజరు పలికినట్టు.

ఊడ్పులో ఒక వరస చేర్చాను:
పిలిచినవాళ్లందర్నీ మరిచిపో.
అక్షరం దిద్దాను. మళ్లీ ఎరుపే.
ఈసారి నిజమైన ఎరుపు.
ఫైలుండే ఫోల్డరు పేరు మా భాషలో "నది".
దాని మొదటి అక్షరం ఆ మొండి ర,
నెత్తిమీద చిన్న కొక్కెం ఉన్నది,
మా పిల్లలకి అన్నిటికన్నా ఆఖర్న నోరు తిరిగేది.
ఆ కొక్కెం దగ్గర ఆగిపోతోంది దారి.
నది అనే మాటలోంచి
ఏదీ లోపలికి రావడం లేదు.
ఎప్పుడూ రాలేదేమో కూడా.

హర్ద్లిచ్కాకి ఫోను చేశాను.
ఇప్పుడు జిదెనిత్సేలో తేనెటీగలు పెంచుతున్నాడు.
అంతా విని,
"వరద ఏడాది రాశానది, రాత్రి రెండింటికి.
కొత్త సెన్సర్ల ఫైళ్లు వస్తున్నాయో లేదో
తెలియాలి, అంతే. 'వచ్చింది' అని కనపడింది.
బల్ల మీదే నిద్రపోయాను" అన్నాడు.
అటువైపు ఏదో డబ్బా మూత పెట్టిన చప్పుడు.
"అయితే అవి వచ్చినట్టా, రానట్టా?"

ఏం చెప్పను.
ఆ రాత్రి నీళ్లు కట్ట దాటలేదు.
ఆ ఒక్కటే ఇద్దరికీ తెలుసు.

రేపటికి అన్నీ పచ్చగా ఉండాలి కదా,
ఏడోదాన్ని దాటవేద్దామా అన్నాడు ఒతాకర్
కోటు తొడుక్కుంటూ.
వద్దన్నాను.
ఉండనీ, ఒక్కరాత్రి ఎర్రగా.
ఇరవయ్యేళ్ల తర్వాత మొదటిసారి
ఏదో అడుగుతోందది.

హీటరు ఇప్పుడు వేడెక్కింది,
అందరూ వెళ్లిపోయాక.